కొలతకు అందని వాడలు

కరోనా కాలంలో బడులు మూతపడి ఉండగా, 2020 జూలైలో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ విద్యార్థులను మూడు వర్గాలుగా విడదీసింది. ఇంట్లో కంప్యూటరో, ఇంటర్నెట్‌తో పనిచేసే ఫోనో ఉన్న పిల్లలు ‘హైటెక్’. టీవీ, రేడియో మాత్రమే ఉన్నవారు ‘లోటెక్’. ఏదీ లేనివారు ‘నోటెక్’. ఎవరికి ఏ మార్గంలో పాఠం చేరవేయాలో తేల్చుకోవడానికి చేసిన విభజన అది. ఆ అత్యవసర స్థితిలో దాన్ని తప్పు పట్టలేం కూడా. కానీ ఆ మూడు పేర్లతో అధికారులు తమకు తెలియకుండానే మన పల్లెల కులపటాన్ని గీశారు.

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి నుంచి ఏ దిక్కుకు పోయినా ఆ పటం కంటికి కనిపిస్తుంది. కె.సి. కాలువ నీరు పారే పల్లెల్లో వరి, పసుపు పండించే ఆసాముల ఇళ్లు ఊరి నడుమ ఉంటాయి. ఆ పసుపు తవ్వే, ఉడకబెట్టే, ఎండబెట్టే చేతులు ఊరి అంచున ఎస్సీ కాలనీలోనో, అరుంధతీవాడలోనో, బీసీల వీధుల్లోనో ఉంటాయి. ‘హైటెక్’ అన్న గుర్తు ఎటు ఎక్కువగా పడి ఉంటుందో, ‘నోటెక్’ అన్న గుర్తు ఎటు ఎక్కువగా పడి ఉంటుందో ఊహించడానికి విద్యాశాఖ కంప్యూటర్లు అక్కరలేదు. అయినా ఆ లెక్కకూ ఈ పటానికీ ఉన్న సంబంధం మీద చర్చ జరగలేదు. బడులు తెరుచుకున్నాయి, మూడు పేర్లూ కాగితాల్లో ఉండిపోయాయి. వాటి వెనుక ఉన్న పిల్లలు మాత్రం ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు, లేదా పనుల్లో ఉన్నారు.

ఆ పాత సంగతిని ఇప్పుడు తవ్వడానికి కారణం ఉంది. బడుల్లో ఉపాధ్యాయుల, విద్యార్థుల సాంకేతిక నైపుణ్యాలను మదింపు చేయాలన్న మాట ఇటీవల గట్టిగా వినిపిస్తోంది. 2024 సెప్టెంబరులో మంగళగిరి నియోజకవర్గంలోనూ తుళ్లూరు మండలంలోనూ ప్రయోగాత్మకంగా నైపుణ్య గణన మొదలైంది. రేపు అలాంటి లెక్క మైదుకూరు బడి గుమ్మం కూడా తొక్కుతుంది. లెక్క వద్దనడం నా ఉద్దేశం కాదు. కొలవనిదాన్ని బాగుచేయలేం. అయితే దేన్ని కొలుస్తారు, ఎవరి చేతిలోని యంత్రంతో కొలుస్తారు, వచ్చిన ఫలితాన్ని ఏ గళ్లలో పోసి చూపిస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా జరిగే మదింపు, పుట్టుకతో వచ్చిన వసతిని ప్రతిభ అని ముద్ర వేసి ఇస్తుంది. ఆ ముద్ర ఎంత కాలం ఉంటుందో ఈ దేశంలో దళితులకూ వెనుకబడిన కులాలకూ చెప్పనక్కరలేదు.

మొదటి ప్రశ్న. మన ప్రభుత్వాలు ఇంతవరకు యంత్రాలనే లెక్కపెట్టాయి, నైపుణ్యాన్ని కాదు. 2022 డిసెంబరు 21న రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతున్న 4.59 లక్షల మంది విద్యార్థులకూ, 59 వేల మంది ఉపాధ్యాయులకూ ట్యాబుల పంపిణీ మొదలైంది. వాటిలో బైజూస్ సంస్థ పాఠాలు ముందుగానే నింపి ఇచ్చారు. మరుసటి ఏడు మరో విడత ఇచ్చారు. పేద పిల్లల చేతికి ఒక తెర దక్కడం చిన్న విషయమేమీ కాదు. కార్పొరేట్ బడుల్లో డబ్బున్నవారి పిల్లలు చూసే పాఠాన్నే మైదుకూరు మండలంలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఒక మాదిగ బాలిక చూడగలిగిందంటే దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కానీ ట్యాబు ఇచ్చిన ఆరు నెలలకో, ఏడాదికో ఆ బాలికకు ఏం వచ్చిందని అడిగిన మదింపు ఏది? ఎన్ని ట్యాబులు ఇచ్చామన్న అంకె ప్రకటనల్లో ఉంది. వాటి విలువ ఎన్ని వందల కోట్లన్న అంకె ఉంది. ఎంతమంది పిల్లలు స్వయంగా ఒక సమాచారాన్ని వెతికి, అది నిజమో కాదో తేల్చుకుని, తమ మాటల్లో రాసి, మరొకరికి పంపగలిగారన్న అంకె మాత్రం ఎవరి ప్రసంగంలోనూ వినబడలేదు. ఇంతలో 2024 జూలై 16న బైజూస్ సంస్థే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఆ ట్యాబులకు ఇతర యాప్‌లు తెరుచుకోకుండా తాళం వేసి ఇచ్చారు. కొందరు పిల్లలు ఆ తాళాన్ని విప్పేసి సినిమాలు, ఆటలు చూస్తున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. క్రమశిక్షణ లోపమని పెద్దలు నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిందే. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడు ఒక సంస్థ వేసిన తాళాన్ని సొంతంగా విప్పగలిగాడంటే, ఆ బడిలో ఆ ఏడాది జరిగిన అసలైన సాంకేతిక పరీక్ష బహుశా అదే. దానికి మార్కులు వేసే గడి మన దగ్గర లేదు.

యంత్రాన్ని వదిలి మనిషిని కొలిచిన ప్రయత్నాలు లేకపోలేదు. గ్రామీణ బాలల చదువుపై ప్రథమ్ సంస్థ వెలువరించే అసర్ నివేదిక 2024లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల చేత స్మార్ట్‌ఫోన్‌పై మూడు పనులు చేయించి చూసింది. అలారం పెట్టడం, ఒక సమాచారం వెతకడం, యూట్యూబులో ఒక వీడియోను వెతికి పట్టి మరొకరికి పంపడం. ‘నీకు ఫోన్ వాడటం వచ్చా’ అని అడిగి ‘వచ్చు’ అన్న జవాబును రాసుకోవడం కన్నా ఇది ఎంతో మేలైన పద్ధతి. ఆ వయసు పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. అంతకు ముందు వారం దాన్ని చదువుకు వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. పత్రికలు ఈ అంకెల దగ్గర ఆగిపోయాయి. నన్ను పట్టి నిలిపినది మరో అంకె. పరీక్ష చేయడానికి ఫోన్ తెచ్చుకోగలిగిన అబ్బాయిలు 70.2 శాతం, అమ్మాయిలు 62.2 శాతం. అంటే ప్రతి పదిమంది అమ్మాయిల్లో దాదాపు నలుగురు ప్రశ్న అడగక ముందే పరీక్ష బయట ఉండిపోయారు. ఇంట్లో ఫోన్ ఉండవచ్చు. పరీక్ష జరిగే పగటివేళ అది తండ్రి జేబులో కూలిపనికి పోయి ఉంటుంది, లేదా అన్న చేతిలో ఉంటుంది. ఫోన్ తెచ్చుకున్నవారిలో ఎక్కువమంది ఆ పనులు చేయగలిగారన్న సంతోషం, తెచ్చుకోలేనివారిని పక్కన పెట్టాక మిగిలిన సంతోషమే.

కడప జిల్లాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత కూడా ఉంది. ఇక్కడి నుంచి కువైట్‌కు పోయిన తల్లులు, తండ్రులు వేలల్లో ఉన్నారు. అరబ్బుల ఇళ్లలో పనిచేసే తల్లి, అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డ రోజుకొకసారి ముఖాలు చూసుకునేది ఆ చిన్న తెర మీదే. సర్వే వచ్చి అడిగితే ఆ ఇల్లు ‘ఫోన్ ఉన్న ఇల్లు’. ఆ బిడ్డ ‘వీడియో కాల్ చేయగల బిడ్డ’. ఫోన్ ఆ ఇంటికి వచ్చింది చదువు కోసం కాదు, వలస కోసం. ఆ ఇంటి తెరనూ, ఇంటి వైఫైతో పనిచేసే లాప్‌టాప్ ముందు ట్యూషన్ వినే ఇంటి తెరనూ ఒకే గడిలో వేస్తే వచ్చే సగటు ఎవరి బతుకునూ చెప్పదు.

ఇక గళ్ల సంగతి. అసర్ పట్టికల్లో బాలురు, బాలికలు అన్న గళ్లుంటాయి. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న గళ్లుంటాయి. కులం గడి ఉండదు. కేంద్రం ప్రచురించే యూడైస్ ప్లస్ నివేదికలో పిల్లల నమోదు సామాజిక వర్గాల వారీగా ఉంటుంది. కంప్యూటర్ల లెక్క బడుల వారీగా ఉంటుంది. 2024–25లో దేశంలోని 64.7 శాతం బడుల్లో కంప్యూటర్ వసతి, 63.5 శాతం బడుల్లో ఇంటర్నెట్ ఉన్నాయని ఆ నివేదిక చెబుతోంది. ఒకే నివేదికలో ఒకచోట కులం, మరోచోట కంప్యూటర్. ఆ రెంటినీ ఒకే వాక్యంలో కలిపి ‘కంప్యూటర్ లేని బడుల్లో చదువుతున్నది ఎవరు’ అని ఎవరూ అడగరు. అడగడానికి కొత్తగా లెక్క తీయాల్సిన పని కూడా లేదు. ఉన్న రెండు పట్టికలను జత చేస్తే చాలు.

కులం గడి పెడితే కులతత్వం పెరుగుతుందని అనేవారు ఉన్నారు. వారు మన నేల చరిత్రనే ఒకసారి తిరగేయాలి. దత్తమండలాలకు తొలి కలెక్టరై, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1822 జూన్‌లో రాజధాని పరిధిలోని దేశీయ బడులన్నిటి లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ పట్టికలో ఉన్న గళ్లు చూడండి: బ్రాహ్మణ విద్యార్థులు, వైశ్య విద్యార్థులు, శూద్ర విద్యార్థులు, ఇతర కులాలవారు, ముసల్మానులు. ప్రతి గడిలోనూ మళ్లీ బాలురు, బాలికలు. మన పొరుగునున్న నాటి బళ్లారి జిల్లా నుంచి తెలుగు వ్యాకరణం రాసిన కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన లెక్క ప్రకారం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో బాలికలు 60 మంది మాత్రమే. రెండు శతాబ్దాల కింద, గుర్రాల మీద, తాటాకుల మీద, కంప్యూటర్ అన్న యంత్రమే పుట్టని కాలంలో పరాయి పాలకుడు ఏ కులం పిల్లలు బడిలో ఉన్నారో తెలుసుకోగలిగాడు. ఆ పాలకుడి ఉద్దేశం సామాజిక న్యాయమని నేను అనడం లేదు. పన్నులు వసూలు చేసేవాడికి జనం సంగతి తెలియాలి, అంతే. కానీ అంత పాటి గడి కూడా సామాజిక న్యాయం పేరు చెప్పుకునే ప్రభుత్వాల డిజిటల్ లెక్కల్లో ఉండదంటే దాన్ని మరుపు అనుకోవడం కష్టం.

ఆ గడిని ఆయుధంగా మలచినవాడు అంబేడ్కర్. 1928లో సైమన్ కమిషన్‌కు బహిష్కృత హితకారిణి సభ తరఫున సమర్పించిన విద్యా నివేదికలో ఆయన బొంబాయి రాజధాని విద్యార్థులను ముందంజలో ఉన్న హిందువులు, ముస్లింలు, మధ్యతరగతి కులాలు, వెనుకబడిన వర్గాలు అని విడదీసి, జనాభాలో ఎవరి స్థానమెంత, చదువులో ఎవరి స్థానమెంత అని పక్కపక్కన పెట్టి చూపాడు. సగటు దాచిపెట్టినదాన్ని విడి అంకెలు బయటపెట్టాయి. ఆనాడు ప్రశ్న అక్షరం. ఈనాడు ప్రశ్న మీట, తెర.

ఇది సాధ్యమేనా అన్న సందేహం కూడా అక్కరలేదు. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధనా సర్వే భాష, గణితం వంటి పాఠ్యాంశాల్లో పిల్లల సగటు మార్కులను ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అన్న విభజనతోనే ప్రచురించింది. అదే సర్వేలో 24 శాతం పిల్లలు తమ ఇంట్లో ఏ డిజిటల్ పరికరమూ లేదని చెప్పారు. గణితానికి కులం గడి ఉండగలిగినప్పుడు కంప్యూటర్‌కు ఎందుకు ఉండకూడదు? అది కూడా ‘ఎస్సీ’ అన్న ఒక్క గడితో సరిపోదు. దావీందర్ సింగ్ కేసులో 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, వర్గీకరణకు ఆధారం అంకెలేనన్నది తేలిపోయింది. ఆ తరువాత మన రాష్ట్రం 2025లో ఎస్సీలను మూడు గ్రూపులుగా విభజించింది. ఇకపై బడి లెక్కలు కూడా ఆ మూడు గ్రూపులను విడివిడిగా చూపకపోతే రెల్లి బిడ్డ స్థితి మాల, మాదిగ బిడ్డల సగటులో మునిగిపోతుంది. బీసీల్లోనూ అంతే. మైదుకూరు సంతలో గంపలు అమ్మే కుటుంబం బిడ్డనూ, పట్టణంలో పాతుకుపోయిన బీసీ వ్యాపారి బిడ్డనూ ఒక గడిలో వేసి సంతృప్తి పడలేం.

ఇక ఉపాధ్యాయుల దగ్గరికి వద్దాం. వారి నైపుణ్యాన్ని కొలుస్తామంటే వారు ఉలిక్కిపడతారు. అందుకు కారణముంది. యునెస్కో 2008లో మొదలుపెట్టి 2018లో మూడో కూర్పుగా సవరించిన ఉపాధ్యాయ సాంకేతిక సామర్థ్యాల చట్రం 18 సామర్థ్యాలను మూడు మెట్లుగా పేర్చింది. సాంకేతిక జ్ఞానం సంపాదించడం మొదటి మెట్టు, దాన్ని పాఠంలో లోతుగా వాడటం రెండోది, దానితో కొత్త జ్ఞానాన్ని సృష్టించడం మూడోది. మన రాష్ట్రంలో ఉపాధ్యాయుడికి టెక్నాలజీ పరిచయమైన తీరు వేరు. 2022లో ముఖ గుర్తింపు హాజరు యాప్ వచ్చింది. సొంత ఫోన్‌లో, సొంత డేటాతో, నిర్ణీత నిమిషంలోగా ముఖం చూపించాలి. సిగ్నల్ అందని పల్లెలో ఆ నిమిషం దాటితే సెలవు. మధ్యాహ్న భోజనానికి ఫోటో, కోడిగుడ్లకు ఫోటో, మరుగుదొడ్డికి ఫోటో. యాప్‌లు పెరిగి పెరిగి, చివరికి 2025లో వాటిని లీప్ అనే ఒక యాప్‌లోకి కుదించాల్సి వచ్చింది. ఇలా టెక్నాలజీ ముందు కాపలాదారుగా, తరువాత గుమాస్తాగా బడిలోకి వచ్చింది. గురువుగా ఎప్పుడు వస్తుందోనని ఇంకా ఎదురుచూస్తున్నాం.

మరుగుదొడ్డి ఫోటో దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఫోటో తీసి ఎక్కించినది ఉపాధ్యాయుడు. కడిగేది ఆయా. నెలకు 6,000 రూపాయల జీతానికి ఆ పనికి ఊళ్లో ఏ వాడ నుంచి మనిషి వస్తుందో ఎవరికైనా తెలుసు. వర్ణవ్యవస్థ నిర్ణయించిన పని అలాగే ఉంది, దాన్ని ఫోటో తీసిన పరికరం మాత్రమే కొత్తది. ఆ ఆయా బిడ్డ అదే బడిలో చదువుతుండవచ్చు. తన తల్లి కడిగిన గది ఫోటోను పై అధికారికి పంపడమే తన గురువు రోజూ చూపిన సాంకేతిక నైపుణ్యమైతే, ఆ బిడ్డ టెక్నాలజీ గురించి నేర్చుకున్న మొదటి పాఠం ఏమై ఉంటుంది?

కంప్యూటర్ నేర్పడానికంటూ మనుషులను పెట్టిన కాలమూ ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి దాదాపు 5,000 ఉన్నత పాఠశాలల్లో ప్రైవేటు సంస్థలకు ఒప్పందం ఇచ్చి కంప్యూటర్ విద్య నడిపారు. బోధకులు ఒప్పంద ఉద్యోగులు, వేతనం నామమాత్రం. ఐదేళ్ల గడువు ముగియగానే వారు రోడ్డున పడ్డారు, గదులకు తాళాలు పడ్డాయి. బడిలో కంప్యూటర్ బోధకుడి పదవి శాశ్వతం కాకపోతే దాని మీద రిజర్వేషన్ పనిచేయదు, రోస్టర్ ఉండదు, ఏ కులం వారు ఆ పనిలోకి వచ్చారో అడిగే వీలుండదు. దీని మీద మన ఉద్యమాలు దృష్టి పెట్టకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. పరీక్ష ఆసాంతం కంప్యూటర్ మీదే. తెర మీద నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం వచ్చినంత మాత్రాన తరగతిలో ముప్పైమంది పిల్లలకు తెరతో పాఠం చెప్పడం రాదు. అందుకని ఉపాధ్యాయుడి మదింపు అతని హాజరు ఎక్కడ పడిందని అడగకూడదు. నీ తరగతిలో ఫోన్ లేని పిల్లవాడికి ఈ పాఠం ఎలా అందించావని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబిచ్చే ఉపాధ్యాయుడు మూడో మెట్టు మీద ఉన్నట్టే. ఫలితాన్ని బదిలీలతో, ఇంక్రిమెంట్లతో ముడిపెడితే మాత్రం అందరూ అబద్ధం చెబుతారు. శిక్ష భయం ఉన్నచోట స్వీయ ప్రకటన నూటికి నూరు మార్కులు తెస్తుంది.

విద్యార్థికి పరీక్ష ఎలా ఉండాలి? యంత్రాన్ని బడి ఇవ్వాలి. ఇంటి ఫోన్ తెచ్చుకోమనకూడదు. అంతకంటే ముఖ్యం, పనిని ఆ బిడ్డ బతుకులోంచి తీసుకోవాలి. కడప, కర్నూలు జిల్లాల దళిత, బీసీ విద్యార్థి నిజజీవితంలో ఎదుర్కొనే సాంకేతిక పనులు ఏమిటి? జ్ఞానభూమి పోర్టల్‌లో ఉపకార వేతనం దరఖాస్తు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూసుకోవడం. కులధ్రువీకరణ పత్రం కోసం పెట్టిన అర్జీ ఎక్కడుందో తెలుసుకోవడం. మీభూమి వెబ్‌సైట్‌లో తాత పేరిట ఉన్న డీకేటీ భూమి అడంగల్‌లో ఇంకా తాత పేరే ఉందా, మరెవరి పేరైనా చేరిందా అని తెరచి చూడటం. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును యాప్‌లో ఫోటోతో తప్పనిసరి చేశాక, తల్లి రోజంతా పనిచేసినా మస్టరులో ఆమె దినం పడిందో లేదో వెతికి పట్టడం.

ఈ పనులన్నిటికీ నేడు మన పిల్లలు నెట్ సెంటర్ల ముందు నిలబడుతున్నారు. పాస్‌వర్డు నెట్ సెంటర్ యజమాని నోటుబుక్కులో ఉంటుంది, ఓటీపీ తండ్రి ఫోన్‌కు వస్తుంది, ఆ ఫోన్ పొలంలో ఉంటుంది. ఇంజినీరింగ్ చదివే విద్యార్థి కూడా తన దరఖాస్తు తాను నింపుకోవడానికి జంకుతాడు. ఒక గడి తప్పు పడితే ఏడాది ఫీజు పోతుందన్న భయం అది. ఆ భయాన్ని కొలిచే పరీక్ష మన దగ్గర లేదు. అలారం పెట్టడం వచ్చా అని అడుగుతున్నాం. తాత భూమి తన పేరున ఉందో లేదో చూసుకోవడం వచ్చిన బిడ్డకు టెక్నాలజీ వచ్చినట్టు. అది రాకుండా కోడింగ్ నేర్చుకున్నా ఫరవాలేదు గానీ, ఆ కుటుంబానికి ముందు కావలసింది మొదటిదే.

పరీక్ష తెలుగులో ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో టైపు చేయడం కూడా ఒక నైపుణ్యమేనని పరీక్ష గుర్తించాలి. రోమన్ లిపిలో తెలుగు రాసే అలవాటు పిల్లల చేతికి ఎలా వచ్చిందో, అది ఆర్జీ రాసుకోవలసిన చోట ఎలా అడ్డుపడుతుందో నెట్ సెంటర్ ముందు గంటసేపు నిలబడితే తెలుస్తుంది. హాస్టళ్లలో ఉండే పిల్లల సంగతి మరీ అన్యాయం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఫోన్లకు అనుమతి ఉండదు. ఇంటర్నెట్‌ను అందుకునే హక్కు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో ఒక హాస్టల్ విద్యార్థిని కేసులోనే చెప్పింది. ఫోన్ వద్దంటే వద్దనవచ్చు, దానికి కారణాలూ ఉండవచ్చు. అప్పుడు ప్రతి హాస్టల్లో సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉండే కంప్యూటర్ గది ఉండాలి. అది లేకుండా ఆ పిల్లలను ఇంట్లో లాప్‌టాప్ ఉన్న పిల్లలతో ఒకే పరీక్షలో కూర్చోబెట్టడం పరుగు పందెంలో కాళ్లు కట్టి వదలడమే.

పరికరం దొరికితే నైపుణ్యం దానంతట అదే వస్తుందన్న భ్రమ కూడా వద్దు. ఎనిమిదో తరగతి పిల్లల చేత కంప్యూటర్ మీద నిజమైన పనులు చేయించి చూసే అంతర్జాతీయ అధ్యయనం ఒకటి 2013 నుంచి ఐదేళ్లకొకసారి జరుగుతోంది. 2023 విడతలో ఐరోపా సమాఖ్య దేశాల పిల్లల్లోనే నూటికి నలభైమందికి పైగా కనీస స్థాయిని అందుకోలేదు. ఇంటింటా యంత్రాలున్న దేశాల పరిస్థితి అది. అక్కడ కూడా ఇంటి స్థితిగతులు బాగున్న పిల్లలే ముందున్నారు. కాబట్టి మన కాలనీ పిల్లలు వెనుకబడటానికి వారి బుద్ధి కారణమని ఎవరైనా అంటే, ఆ మాటకు ఆధారం విజ్ఞానశాస్త్రంలో దొరకదు.

బుద్ధి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మైదుకూరుకు ఆనుకునే బ్రహ్మంగారి మఠం ఉంది. కొత్త యంత్రం ఏది వచ్చినా ‘ఇది కాలజ్ఞానంలో ముందే ఉంది’ అనడం మన జనానికి అలవాటు. ఆ పద్యాల్లో యంత్రాన్ని వెతికేవారు ఆ గురువు ఏ చేతివృత్తుల కులంలో పుట్టాడో మరిచిపోతారు. ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారాలను లొంగదీసిన విశ్వకర్మల వంశం అది. ఆయన శిష్యుల్లో సిద్ధయ్య దూదేకుల బిడ్డ, కక్కయ్య మాదిగ అని సంప్రదాయం చెబుతుంది. దూదిని ఏకే విల్లు ఒక యంత్రం. తోలును పదును పెట్టడం రసాయనశాస్త్రం. ఈ గడ్డ మీద సాంకేతికతను వేల ఏళ్లు మోసిన కులాలనే ఈరోజు ‘నోటెక్’ అని రాసుకున్నాం. వారి చేతుల్లోని విద్యకు విలువ కట్టే పరీక్ష ఆనాడు లేదు. కొత్త విద్యకు పెట్టే పరీక్షలోనైనా వారి గడి ఉండాలని కోరడం అత్యాశ కాదు.

వసతి లేమిని లెక్కలోకి తీసుకుని ప్రతిభను కొలిచిన పద్ధతి ఇదే జిల్లాలో కళ్లెదుటే ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇడుపులపాయ ప్రాంగణంలో సీటు పదో తరగతి మార్కులతో వస్తుంది. అయితే ప్రభుత్వ బడుల్లో, హాస్టల్ వసతి లేకుండా చదివిన పిల్లలకు లేమికి పరిహారంగా కొంత స్కోరు కలుపుతారు. తొలుత అది 0.4 గ్రేడు పాయింటు, ఇప్పుడు 4 శాతం. చేరిన పిల్లలకు తొలి ఏళ్లలో లాప్‌టాప్‌లు ఇచ్చారు. అంతకు ముందు మీటను తాకని పల్లె పిల్లలు అక్కడ ప్రోగ్రాములు రాశారు. దానితో ప్రమాణాలు పడిపోయాయని వాపోయినవారి పిల్లలకూ, ఆ ప్రాంగణంలో చదివినవారికీ ఈరోజు ఒకే సంస్థల్లో ఉద్యోగాలు ఉన్నాయి.

రానున్న జనగణనలో 1931 తరువాత తొలిసారిగా అందరి కులాన్నీ లెక్కించనున్నారు. ఇళ్ల జాబితా ప్రశ్నావళిలో ఇంటర్నెట్, లాప్‌టాప్ లేదా కంప్యూటర్, స్మార్ట్‌ఫోన్ ఉన్నాయా అన్న ప్రశ్నలున్నాయి. 2027 ఫిబ్రవరి నాటి జనాభా లెక్కలో కులం ఉంటుంది. ఆ రెండు ఫలితాలనూ మండలం స్థాయిలో కలిపి ప్రచురించాలని ఇప్పుడే అడగాలి. అడంగల్ పట్టికలాగా, ఎవరైనా తెరచి చూసుకునేలా ఉండాలి. పాఠశాల విద్యాశాఖ తన మదింపు నమూనాను ఖరారు చేసే ముందు విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు, దళిత బహుజన సంఘాలు కలిసి ఆ నమూనా కాపీ ఒకటి తెప్పించుకోవాలి. మొదటి పేజీలో ‘సామాజిక వర్గం’ అన్న గడి ఉందా, రెండో పేజీలో ‘పరికరం ఎవరిచ్చారు’ అన్న గడి ఉందా, చివరి పేజీలో ‘ఫలితాన్ని బడి గోడ మీద ఎప్పుడు ప్రదర్శిస్తారు’ అన్న తేదీ ఉందా అని చూడాలి. లేకపోతే ఆ కాపీ మీదే ఆ మూడు గళ్లూ చేత్తో గీసి, మైదుకూరు మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.